షుగర్ పుండుకు హైపర్‌బారిక్ ఆక్సిజన్: జిల్లా ఊరి నుంచి ఛాంబర్ వెతుక్కోవడం, డబ్బు సర్దుకోవడం

కాలి పుండు మూడు నెలలుగా మానడం లేదు. సర్జన్ గారు చీటీ చివర్న ‘హెచ్‌బీఓటీ, 30 సిట్టింగ్స్’ అని ఒక్క ముక్క రాసి పంపేశారు. హెచ్‌బీఓటీ అంటే హైపర్‌బారిక్ ఆక్సిజన్ థెరపీ: మూసిన ఛాంబర్‌లో ఒత్తిడి పెంచి, స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చేలా చేసే వైద్యం. ఊళ్లో ఆసుపత్రి రిసెప్షన్‌లో అడిగితే ‘ఆక్సిజన్ బెడ్ ఉంది, తీసుకురండి’ అంటారు. ఫోన్‌లో వెతికితే ముఖం మెరవడానికీ, వయసు తగ్గడానికీ ఆక్సిజన్ పట్టిస్తామనే ప్రకటనలు వచ్చిపడతాయి. ఖమ్మం, కర్నూలు, శ్రీకాకుళం లాంటి ఊళ్ల నుంచి బయలుదేరేవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. ఈ వైద్యంలో డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా మొదటి వారంలోనే: తప్పు ఛాంబర్‌కు అడ్వాన్సు కట్టో, ముందే తీసుకోవాల్సిన కాగితం తీసుకోకో. అందుకే వరుస తప్పకూడదు. ముందు పుండు సంగతి, తర్వాత ఛాంబర్, ఆ తర్వాతే డబ్బు.

ఒత్తిడి ఎందుకు?

ముక్కుకు మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇస్తే సరిపోదా అని అందరూ అడుగుతారు. రక్తంలో హిమోగ్లోబిన్ మామూలు గాలితోనే దాదాపు నిండిపోయి ఉంటుంది. ఇంకా ఆక్సిజన్ మోయాలంటే అది రక్తంలోని నీటిభాగంలో, అంటే ప్లాస్మాలో కరగాలి. కరగాలంటే ఒత్తిడి కావాలి. గోలీసోడాలో గ్యాస్ నిలిచేది ఒత్తిడి వల్లే కదా, గోలీ లోపలికి దిగగానే బుస్సున పైకి వచ్చేస్తుంది. ఇక్కడా అదే సూత్రం. మామూలు గాలి పీల్చేటప్పుడు 100 మిల్లీలీటర్ల రక్తంలో కరిగి ఉండే ఆక్సిజన్ 0.3 మిల్లీలీటర్లు. 3 ఏటీఏ ఒత్తిడిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే అది 6 మిల్లీలీటర్ల దాకా పోతుంది.

ఏటీఏ అంటే మొత్తం వాతావరణ పీడనం. మనం నిలబడ్డ చోట 1 ఏటీఏ, సముద్రంలో 10 మీటర్ల లోతున 2 ఏటీఏ. పుండ్లకు ఇచ్చే చికిత్స 2 నుంచి 2.5 ఏటీఏ మధ్య, 90 నిమిషాల పాటు సాగుతుంది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, ముందు ముందు చాలా డబ్బు కాపాడుతుంది.

మొదటి అడుగు: ఈ పుండుకు ఇది కావాలా?

ప్రపంచవ్యాప్తంగా వైద్యులు ఒప్పుకున్న జబ్బుల జాబితా చిన్నదే. మానని షుగర్ పుండ్లు, ఎముకకు పాకి మందులకు లొంగని ఇన్ఫెక్షన్, రేడియేషన్ వల్ల దెబ్బతిన్న దవడ, మూత్రాశయం, పేగు, ప్రాణం నిలవని స్కిన్ గ్రాఫ్టు, నలిగిపోయిన గాయాలు, గ్యాస్ గాంగ్రీన్, కార్బన్ మోనాక్సైడ్ విషం, ఉన్నట్టుండి చెవుడు రావడం, కంటి రెటీనా రక్తనాళం మూసుకుపోవడం ముఖ్యమైనవి. ఆటిజం, పాత పక్షవాతం, జుట్టు రాలడం, వయసు తగ్గించడం ఆ జాబితాలో లేవు. ఆటిజం పిల్లల తల్లిదండ్రుల చేత నలభై, ఎనభై సెషన్ల ప్యాకేజీలు కట్టించే చోట్లకు దూరంగా ఉండండి.

షుగర్ పుండ్లలోనూ అన్నిటికీ ఇది అక్కర్లేదు. అమెరికాలో ప్రభుత్వ బీమా మెడికేర్ పెట్టిన గీటురాయి ఇక్కడా పనికొస్తుంది: పుండు వాగ్నర్ గ్రేడ్ 3 లేదా అంతకు మించి ఉండాలి, అంటే లోపల చీము గడ్డో, ఎముకకో కీలుకో పాకిన ఇన్ఫెక్షనో ఉండాలి. పైగా 30 రోజులు సరైన వైద్యం చేసినా కొలతలో మార్పు కనబడకూడదు. ‘సరైన వైద్యం’ అన్నచోటే చాలామంది ఆగాలి. చచ్చిన కండ తీయించారా? పుండు మీద బరువు పడకుండా కాస్టో, ప్రత్యేకమైన చెప్పో వేశారా? షుగర్ అదుపులో ఉందా? బీడీ మానారా? ఇవేవీ జరగకుండా ఛాంబర్‌లో కూర్చుంటే, మధ్యాహ్నం ఛాంబర్ చేసిన మేలంతా సాయంత్రం ఆ కాలి మీదే నడిచి పోగొట్టుకోవడమే.

అన్నిటికన్నా ముఖ్యం రక్త ప్రసరణ. తొడలోనో, మోకాలి కిందో రక్తనాళం మూసుకుపోయి ఉంటే, ఎంత ఆక్సిజన్ కరిగినా పాదానికి చేరే దారి ఉండదు. కాబట్టి ముందు డాప్లర్ (రక్తనాళాల స్కాన్), చీలమండ–చేయి రక్తపోటు నిష్పత్తి చూడాలి. ఒక మెలిక ఉంది: షుగర్ రోగుల రక్తనాళాల గోడల్లో సున్నం పేరుకుని గట్టిపడటం వల్ల ఆ నిష్పత్తి 1.3 దాటి, అంతా బాగున్నట్టు చూపిస్తుంది. అలాంటప్పుడు బొటనవేలి పీడనం కొలవమనండి. అది 30 (బీపీ కొలిచే లెక్కలోనే, ఎంఎంహెచ్‌జీ) దాటకపోతే ఛాంబర్ కాదు, అత్యవసరంగా వాస్కులర్ సర్జన్, అంటే రక్తనాళాల సర్జన్ కావాలి. యాంజియోప్లాస్టీ చేయగలిగితే అదే ముందు. షుగర్ పాదం మీద మార్గదర్శకాలు రాసే అంతర్జాతీయ నిపుణుల బృందం కూడా ఈ థెరపీని ప్రసరణ లోపం ఉన్న పుండ్లలో, మామూలు వైద్యం పనిచేయనప్పుడు, అదనంగా వాడే ఆలోచన చేయవచ్చనే చెబుతుంది. తప్పనిసరి అనదు. పెద్ద ట్రయల్స్ ఫలితాలు ఒకదానితో ఒకటి కలవకపోవడమే కారణం. ‘కాలు తీసేయకుండా గ్యారంటీ’ అని ఎవరన్నా అంటే, ఆ మాటే వాళ్లని నమ్మకూడదని చెబుతోంది.

పెద్ద కేంద్రాల్లో చర్మం మీద అతికించే సెన్సర్‌తో పుండు పక్కన ఆక్సిజన్ ఎంతుందో కొలుస్తారు. ఛాంబర్ లోపల ఆ అంకె 200 ఎంఎంహెచ్‌జీ దాటితే పుండు మానే అవకాశం బాగున్నట్టు. ఈ పరీక్ష ఉన్న కేంద్రం దొరికితే కాస్త దూరమైనా అక్కడే మొదటి సెషన్ చేయించుకోవడం మేలు. అంకె పెరగని కాలికి మిగతా 29 సెషన్ల ఖర్చు తప్పుతుంది.

ఆగకూడని జబ్బులు

ఈ భాగం తప్ప మిగతాదంతా వారాలు పట్టే పుండ్ల గురించి. కొన్నిటికి అంత తీరిక ఉండదు. బాత్రూంలో గ్యాస్ గీజర్ వల్ల స్పృహ తప్పితే తలుపు తీసి బయటికి లాగి 108కి ఫోన్ చేయండి, దగ్గర్లోని ఆసుపత్రిలో మాస్కుతో నిండు ఆక్సిజన్ వెంటనే మొదలుపెట్టించండి. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో సగానికి తగ్గడానికి మామూలు గాలిలో నాలుగైదు గంటలు, మాస్కు ఆక్సిజన్‌తో గంటా గంటన్నర పడుతుంది. ఛాంబర్‌లో 3 ఏటీఏ దగ్గరైతే 20 నిమిషాల చిల్లర. అయినా ఛాంబర్ కోసం మాస్కు ఆపకూడదు. ఒక కన్ను నొప్పి లేకుండా హఠాత్తుగా మసకబారితే లెక్క గంటల్లోనే, 24 గంటలు దాటితే ఆశ తక్కువ. ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోతే స్టెరాయిడ్‌తో పాటు రెండు వారాల లోపు మొదలుపెట్టాలి, అదీ కుదరకపోతే నెల లోపు. ‘గులిమి అడ్డం పడి ఉంటుంది’ అని చుక్కలు వేసుకుంటూ కూర్చోవడం వల్లే ఈ గడువు దాటిపోతుంది. గ్యాస్ గాంగ్రీన్‌లో ముందు ఆపరేషన్, తర్వాతే ఛాంబర్.

రెండో అడుగు: మీరు ఛాంబర్‌లోకి వెళ్లొచ్చా?

ఊపిరితిత్తికి చిల్లు పడి ఛాతీలో గాలి చేరి ఉంటే, అది సరిచేసే దాకా ఛాంబర్ వద్దే వద్దు. పీడనం తగ్గించేటప్పుడు ఆ గాలి ఉబ్బి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఛాతీ ఎక్స్‌రే లేకుండా ఎవరినీ లోపలికి పంపకూడదు. ఆ ఎక్స్‌రే మీ ఊళ్లోనే తీయించుకుని వెళ్లండి, చవక. ఎన్నేళ్లుగానో పొగ తాగి ఊపిరితిత్తుల్లో గాలి బుడగలున్నవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, చెవి ఆపరేషన్ అయినవాళ్లు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ సంగతి ఫోన్‌లోనే చెప్పాలి. మందుల జాబితా మొత్తం చూపించండి. ముఖ్యంగా క్యాన్సర్‌కు బ్లియోమైసిన్, డాక్సోరూబిసిన్, సిస్‌ప్లాటిన్ ఎప్పుడైనా ఎక్కించారా, తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ ఇస్తున్నారా అన్నది చెప్పాలి. ఇంట్లో తెలియకుండా కూరలో కలిపి పెడుతున్న మాత్ర అదే అయితే, దాన్ని దాచడం ఇక్కడ ప్రమాదం. జలుబు, జ్వరం ఉన్న రోజు సెషన్ వాయిదా వేయించుకోండి.

మూడో అడుగు: ఛాంబర్ వెతకడం

ఆసుపత్రుల మెయిన్ నంబరుకు ఫోన్ చేసి ‘ఆక్సిజన్ థెరపీ ఉందా’ అంటే ‘ఉంది’ అనే వస్తుంది, అది వార్డులో పైపు ఆక్సిజన్. ఆసుపత్రిలో ఎవరు వాడతారో వాళ్లనే అడగాలి. ప్లాస్టిక్ సర్జరీ, వాస్కులర్ సర్జరీ, షుగర్ పాదాల క్లినిక్, ఈఎన్‌టీ, రేడియేషన్ ఆంకాలజీ: ఈ ఐదు విభాగాల్లో ఎవరో ఒకరికి దగ్గర్లోని ఛాంబర్ ఎక్కడుందో, అది పనిచేస్తోందో లేదో తెలిసి ఉంటుంది. మీ జిల్లా మెడికల్ కాలేజీలో ప్లాస్టిక్ సర్జరీ ఓపీకి ఒక ఉదయం వెళ్లి అడిగితే, మూడు రోజుల ఫోన్లు తప్పుతాయి. పేరు కూడా స్పష్టంగా ‘హైపర్‌బారిక్ ఛాంబర్’ అనండి.

ఫోన్‌లో మాట ఇలా సాగాలి:

‘అమ్మా, మీ ఛాంబర్‌లో ఎన్ని ఏటీఏ ఇస్తారు?’

‘మాది 1.3 సార్, చాలా సేఫ్.’

‘గట్టి ఛాంబరా, గాలి నింపే గుడ్డ ఛాంబరా?’

‘జిప్ ఉంటుంది సార్, లోపల పడుకోవచ్చు, కంఫర్ట్‌గా ఉంటుంది.’

ఇక్కడే థాంక్స్ చెప్పి పెట్టేయండి. జిప్ ఛాంబర్‌లో సాధారణంగా 1.3 నుంచి 1.5 ఏటీఏ మించదు, దానికి తోడు ఇచ్చేది కాన్‌సెంట్రేటర్ ఆక్సిజన్. ఇలాంటివి మొదట కొండలెక్కేవాళ్లకు వచ్చే ఎత్తు జబ్బు కోసం చేసినవి. ఎముకకు పాకిన పుండుకు ఇది చాలదు. రేటు సగమే కావచ్చు, కానీ అది సగం వైద్యం కాదు, వేరే వస్తువు.

కొందరు ఏటీఏ చెప్పరు, గేజి మీద కనిపించే అంకె చెబుతారు. గేజి మనచుట్టూ ఉన్న ఒక్క వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోదు, పై ఒత్తిడినే చూపిస్తుంది. లెక్క ఇలా: పీఎస్‌ఐలో చెబితే 14.7తో భాగించి 1 కలపండి. 4.4 పీఎస్‌ఐ అంటే 1.3 ఏటీఏ. 20.6 పీఎస్‌ఐ అంటే 2.4. బార్‌లో గానీ, చదరపు సెంటీమీటరుకు కిలోల లెక్కలో గానీ చెబితే ఉజ్జాయింపుగా 1 కలిపితే చాలు: గేజిలో 1.4 ఉంటే సుమారు 2.4 ఏటీఏ. ‘మాది 2’ అని మాత్రమే అంటే, అది గేజి అంకెనా, ఏటీఏనా అని తిరిగి అడగండి.

తర్వాత అడగాల్సినవి: లోపల పీల్చేది నూటికి నూరు శాతం ఆక్సిజనేనా? ఒక్కరే పడుకునే అద్దపు గొట్టం లాంటిదా, నలుగురైదుగురు కూర్చుని మాస్కు గానీ తలకు హుడ్ గానీ పెట్టుకునే ఉక్కు గదా? రెండూ మంచివే. ఒంటరి గొట్టంలో భయపడే మనిషికి పెద్ద గది నయం. సెషన్ నడుస్తున్నంతసేపూ డాక్టర్ ఆవరణలో ఉంటారా, టెక్నీషియన్ ఛాంబర్ పక్కనే ఉంటారా? మధ్యలో ఐదేసి నిమిషాలు మామూలు గాలి ఇస్తారా? ఆ గాలి విరామం అలంకారం కాదు, ఆక్సిజన్ విషప్రభావంతో ఫిట్స్ వచ్చే ముప్పు తగ్గించడానికి పెట్టింది. ‘మేం గ్యాప్ ఇవ్వకుండా ఫుల్ ఆక్సిజన్ ఇస్తాం’ అని గొప్పగా చెప్పుకుంటే, వాళ్లకు పని తెలియదన్నమాట.

నాలుగో అడుగు: ఒకసారి వెళ్లి చూడటం

అడ్వాన్సు కట్టే ముందు వెళ్లండి. గోడ మీద రిజిస్ట్రేషన్ పత్రం ఉండాలి. తెలంగాణలో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద జిల్లాలోని ఆరోగ్య శాఖ అధికారులు ఇచ్చేది. బిల్లు నమూనా చూపించమనండి. రిజిస్టరైన వైద్య సంస్థ చేసే చికిత్సకు జీఎస్‌టీ ఉండదు. సెషన్ ఫీజు మీద జీఎస్‌టీ వేస్తున్నారంటే, వాళ్లు తమను వైద్యం కింద కాక ‘వెల్‌నెస్’ కింద నడుపుకుంటున్నారేమోనని అనుమానించాలి. అలాంటి బిల్లు బీమా దగ్గరా చెల్లదు.

తర్వాత, లోపలికి వెళ్లేవాళ్లను ఎలా తనిఖీ చేస్తున్నారో ఓ అరగంట కూర్చుని గమనించండి. 1997లో మిలాన్‌లో ఒక ఛాంబర్‌లో నిప్పు అంటుకుని 11 మంది చనిపోయారు. కారణం, ఒక రోగి లోపలికి తీసుకెళ్లిన చేతులు కాచుకునే చిన్న సాధనం. జేబులు వెతకని చోట, సెల్‌ఫోన్‌తో లోపలికి పంపే చోట మీ వాళ్లను పడుకోబెట్టకండి. ఎంత తక్కువ రేటైనా సరే.

ఐదో అడుగు: కాగితం

చీటీ మీద ‘హెచ్‌బీఓటీ 30’ అని ఉంటే అది సలహా, బీమాకు పనికిరాదు. సర్జన్‌ను లెటర్‌హెడ్ మీద ఒక పేజీ రాయించమని అడగండి. అందులో ఉండాల్సినవి: జబ్బు పేరు, వాగ్నర్ గ్రేడు, పుండు ఎన్నాళ్లుగా ఉంది, పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో, ఇప్పటిదాకా చేసిన వైద్యం తేదీలతో, డాప్లర్, ఎక్స్‌రే లేదా ఎంఆర్‌ఐ ఫలితం, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), ఇవ్వదలచిన ఒత్తిడి, నిమిషాలు, సెషన్లు, మళ్లీ సమీక్షించే తేదీ. చివరిది చాలామంది వదిలేస్తారు, పరిశీలించే డాక్టరు మొదట వెతికేది మాత్రం అదే. దీనితోపాటు పుండు ఫోటో, పక్కన స్కేలు పెట్టి, తేదీ కనబడేలా. వారం వారం అదే కోణంలో, అదే వెలుతురులో తీయండి. మానుతోందా లేదా అన్న వాదన వచ్చినప్పుడు ఆ ఫోటోలే తీర్పు చెబుతాయి.

ఆరో అడుగు: అసలు ఖర్చు లెక్క

సెషన్ రేటును ముప్పైతో గుణించి ‘ఇంతే’ అనుకోవడం పెద్ద పొరపాటు. ఖమ్మం నుంచి హైదరాబాద్ వెళ్లి ఉండే ఇద్దరి లెక్క చూద్దాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవే, మీ కొటేషన్ పెట్టి మీరు తిరగరాసుకోండి. సెషన్ 3,000 అయితే 30కి 90,000. వారానికి ఆరు రోజుల చొప్పున ఐదు వారాలు, అంటే 35 రోజులు. పరీక్షలు, కన్సల్టేషన్ 4,000. సెషన్ అయ్యాక కట్టు మార్చడం రోజుకు 300 చొప్పున 9,000. గది రోజుకు 700, మొత్తం 24,500. ఇద్దరి భోజనం రోజుకు 500, మొత్తం 17,500. ఆటోలు రోజుకు 200, 30 రోజులకు 6,000. కలిపితే 1,51,000. ఇందులో ఛాంబర్‌ది అరవై శాతమే. తోడు వచ్చినవాళ్ల కూలి, దుకాణం మూత ఇందులో లేవు.

ఈ లెక్క చూస్తే బేరం ఎక్కడ ఆడాలో తెలుస్తుంది. సెషన్ మీద 200 తగ్గించుకుంటే మిగిలేది 6,000. బంధువుల ఇంట్లోనో, ఆసుపత్రి దగ్గరి సత్రంలోనో ఉంటే దానికి నాలుగింతలు మిగులుతుంది. శ్రీకాకుళం నుంచి విశాఖకు రోజూ వెళ్లొచ్చే దూరమే కదా అనిపిస్తుంది గానీ, పాదం పుండుతో రోజుకు 200 కిలోమీటర్లు బస్సులో కాలు వేలాడేసి కూర్చుంటే వాపు పెరుగుతుంది. అక్కడ మిగిలేది ఇక్కడ పోతుంది.

ఛాంబర్ వాళ్లు ‘30 సెషన్లకు ఒకేసారి కడితే డిస్కౌంట్’ అంటారు. ఒప్పుకోకండి. పది పదిగా కట్టండి. తప్పదంటే, ఆపేస్తే మిగతా సెషన్ల డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో రసీదు మీదే రాయించుకోండి. చెవి నొప్పితో మూడో రోజే మానేసేవాళ్లుంటారు.

ఏడో అడుగు: డబ్బు ఎవరిస్తారు?

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ. రెండూ ప్యాకేజీ కోడు మీద నడిచేవే. కోడు లేని చికిత్సకు కార్డు పనిచేయదు. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడగాల్సిన ప్రశ్న ‘కార్డు చెల్లుతుందా’ అని కాదు. ‘ఈ పుండుకు, ఈ స్పెషాలిటీలో హైపర్‌బారిక్ ఆక్సిజన్‌కు కోడు ఉందా, ఉంటే ఎన్ని సెషన్లు’ అని. నోటిమాట కాకుండా స్క్రీన్ మీద చూపించమనండి. 104కి ఫోన్ చేసి కూడా నిర్ధారించుకోవచ్చు. ఛాంబర్‌కు కోడు దొరకకపోయినా చచ్చిన కండ తీయడం, స్కిన్ గ్రాఫ్టు, రక్తనాళానికి చేసే చికిత్స కార్డు మీద చేయించుకోవచ్చేమో చూడండి. పెద్ద ఖర్చులు అక్కడ మిగిలితే ఛాంబర్‌కు చేతి డబ్బు సరిపోతుంది.

ప్రైవేటు బీమాలో ముందు చూడాల్సింది పాలసీ పత్రంలో మినహాయింపుల పేజీ. కొన్ని పాలసీల్లో ఈఈసీపీ, చిలేషన్ థెరపీల పక్కనే ‘హైపర్‌బారిక్ ఆక్సిజన్ థెరపీ’ అని పేరు పెట్టి మరీ తీసేసి ఉంటుంది. పేరు ఉంటే వాదించి లాభం తక్కువ. పేరు లేకపోతే తిరస్కరణ రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ‘నిరూపణ కాని చికిత్స’, కోడు ఎక్స్‌సీఎల్ 16. దానికి జవాబు మీ సర్జన్ లేఖే. రెండోది ‘ఓపీ చికిత్స, 24 గంటల అడ్మిషన్ లేదు’. దానికి దారి ఏమిటంటే, పుండు ఆపరేషన్‌కు అడ్మిట్ అయినప్పుడే డిశ్చార్జ్ సమ్మరీలో ‘డిశ్చార్జ్ తర్వాత హెచ్‌బీఓటీ కొనసాగించాలి’ అని రాయించుకోవడం. అప్పుడు ఆ సెషన్లను అదే జబ్బుకు డిశ్చార్జ్ తర్వాతి ఖర్చుగా క్లెయిమ్ చేయవచ్చు. చాలా పాలసీల్లో ఆ గడువు 60 రోజులు, మీ పాలసీలో చూసుకోండి. ఐదు వారాల కోర్సు అందులో ఇముడుతుంది, పదిహేను రోజులు ఆలస్యంగా మొదలైనా. నెల ఆలస్యమైతే చివరి సెషన్లు జారిపోతాయి.

సెషన్లకే క్యాష్‌లెస్ అడుగుతుంటే, 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన నియమం ప్రకారం కంపెనీ గంటలోపు జవాబివ్వాలి. తిరస్కరిస్తే కారణం, పాలసీలోని క్లాజు నంబరుతో రాతపూర్వకంగా తీసుకోండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాది లోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ ఆఫీసు పరిధిలోనివే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ ఫోన్ నంబరు 155255.

ముఖ్యమంత్రి సహాయ నిధికి ఒరిజినల్ బిల్లులు, ఆసుపత్రి రికార్డు, రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు వివరాలతో దరఖాస్తు పెట్టాలి. సాధారణంగా ఎమ్మెల్యే లేదా ఎంపీ సిఫారసు లేఖ జత చేస్తారు. ఇక్కడ జాగ్రత్త: బీమా కంపెనీ కూడా ఒరిజినల్సే అడుగుతుంది. ఒక బిల్లు రెండు చోట్లకు వెళ్లదు. ముందు బీమాకు పెట్టి, వాళ్లు ఎంత ఇచ్చారో చూపే సెటిల్‌మెంట్ లెటరు, ధ్రువీకరించిన నకళ్లు తీసుకోండి. అందుకే ఛాంబర్ వాళ్ల దగ్గర ప్రతి సెషన్‌కూ విడి బిల్లు, తేదీ, ఒత్తిడి, డాక్టర్ సంతకంతో హాజరు పట్టిక అడగండి. కోర్సు అయిపోయాక అడిగితే ఒకే మొత్తానికి ఒక చేతిరాత రసీదు ఇస్తారు, దాన్ని ఎవరూ తీసుకోరు.

ఉద్యోగులు, పింఛనర్లు తమ ఆరోగ్య పథకంలో ముందస్తు అనుమతి పత్రం వచ్చాకే మొదలుపెట్టాలి. మొదటి సెషన్ తేదీ అనుమతి తేదీ కంటే ముందుంటే ఆ ఒక్క సెషనే కాదు, బిల్లు మొత్తం ఆగిపోవచ్చు. రేడియేషన్ దెబ్బకు చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగులకు మాత్రం రైల్లో పెద్ద వెసులుబాటు ఉంది: స్లీపర్, థర్డ్ ఏసీల్లో రోగికి టికెట్ ఉచితం, తోడుకు 75 శాతం తగ్గింపు, ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత ఫారంతో. షుగర్ పుండుకు ఆ సౌకర్యం లేదు.

ఎనిమిదో అడుగు: సెషన్ రోజు

తలకు కొబ్బరి నూనె వద్దు. ముందు రోజు రాత్రి పెట్టుకున్నా పొద్దున్నే తలంటుకోవాలి. ఆక్సిజన్ నిండిన గదిలో నూనె, వాసిలిన్, నొప్పి బామ్, సెంటు అన్నీ నిప్పుకు ఆహారమే. చెవిలో నూనె దూది, జడలో పిన్నులు, పిన్నీసు, తాయెత్తు, చేతి గడియారం, వినికిడి మిషన్ తీసేయాలి. పాలిస్టర్ చీర, నైలాన్ లంగా వద్దు. వాళ్లిచ్చే నూలు గౌను ఒక్కటే. పుండు మీద జిగురుగా ఉండే వాసిలిన్ గాజ్ గుడ్డ పెట్టి ఉంటే అది కూడా తీయించి మామూలు కట్టు వేయించాలి. సాయంత్రం మళ్లీ వేసుకోవచ్చు.

షుగర్ ఉన్నవాళ్లు ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. ఛాంబర్‌లో షుగర్ పడిపోవచ్చు. రెండు ఇడ్లీలు తిని, ఇన్సులిన్ ఎంత వేసుకోవాలో డాక్టర్ చెప్పినట్టు వేసుకుని వెళ్లండి. లోపలికి పోయే ముందు వేలు గుచ్చి చూడాలి. 100కి దగ్గర్లో ఉంటే ఏదో తినిపించి మళ్లీ చూసి పంపుతారు. గ్లూకోమీటరు లేని ఛాంబర్ షుగర్ రోగికి పనికిరాదు. మూత్రానికి వెళ్లి రండి, రెండు గంటలు లోపలే ఉంటారు.

తలుపు మూశాక మొదటి పది పదిహేను నిమిషాలే కష్టం. గాలి వెచ్చబడుతుంది, చెవులు బిగుసుకుంటాయి. ఘాట్ రోడ్డు దిగుతున్నప్పటి లాంటి బిగువే, ఇంకాస్త గట్టిగా. ఉమ్మి మింగండి, ఆవలించండి, లేదా ముక్కు మూసుకుని మెల్లగా ఊదండి. నొప్పి మొదలయ్యాక కాదు, బిగువు తెలియగానే చేయాలి. ‘ఓర్చుకుందాం’ అనుకుంటే కర్ణభేరి చిట్లుతుంది. చెయ్యి ఊపితే టెక్నీషియన్ ఒత్తిడి ఆపి కాస్త తగ్గిస్తారు, అది వాళ్ల పనే. చివర్లో ఒత్తిడి తగ్గించేటప్పుడు చలిగా ఉంటుంది. అప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టకూడదు, మామూలుగా పీల్చి వదలండి. బయటికి వచ్చాక మళ్లీ షుగర్ చూసుకుని, ఆటో ఎక్కే ముందు ఏదైనా తినండి.

మూడో వారం నుంచి కొందరికి దూరపు చూపు మసకవుతుంది, దగ్గరిది బాగా కనిపిస్తుంది. కొత్త కళ్లజోడు చేయించకండి. కోర్సు అయ్యాక సాధారణంగా రెండు నెలల్లోపు చూపు తిరిగి వస్తుంది. ముందే కంటి శుక్లం (పొర) ఉన్నవాళ్లకు మాత్రం అది పెరగవచ్చు, కంటి డాక్టరుకు చెప్పి మొదలుపెట్టండి.

ఎప్పుడు ఆపాలి?

పది, పదిహేను సెషన్ల దగ్గర పుండును కొలిచి చూడండి. పొడవు, వెడల్పు గుణించి మొదటి రోజుతో పోల్చండి. 5 సెంటీమీటర్లు, 4 సెంటీమీటర్లు ఉన్న పుండు, అంటే 20 చదరపు సెంటీమీటర్లు, 4, 3కి వస్తే 12 అయింది. ఎర్రటి కొత్త కండ అడుగు నుంచి లేస్తోంది, వాసన తగ్గింది, ఎముక కప్పుకుంటోంది అంటే సాగనివ్వండి. అంకె కదలకపోతే సర్జన్ దగ్గరికి వెనక్కి వెళ్లి ‘రక్త ప్రసరణ మళ్లీ చూడండి’ అని అడగండి. లోపల చచ్చిన ఎముక ముక్క మిగిలి ఉండటం, కాస్టు తీసేసి నడవడం, మధ్యలో నాలుగు రోజులు పండక్కి ఊరెళ్లి రావడం, బీడీ: మొదట వీటిని వెతకాలి. ఇవేవీ లేకుండా కూడా కదలకపోతే మిగతా పది పది కట్టకండి. ఆ డబ్బు యాంజియోగ్రాంకో, మంచి చెప్పులకో, నెలల తరబడి సాగే కట్లకో అవసరం పడుతుంది.